టచ్ పనిచేయకపోయినా, ఫోన్ దానంతట అదే నొక్కుకుంటున్నా: డిస్‌ప్లే మార్చే ముందు ఇవి చూడండి

రాత్రి రెండున్నరకి అమ్మ నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఎత్తితే అవతల ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తిరిగి చేస్తే తీయడం లేదు. పక్కింటివాళ్లని లేపి పంపిస్తే అమ్మ హాయిగా నిద్రపోతోంది, దిండు పక్కన ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ మాత్రం స్క్రీన్ వెలిగి, కాంటాక్టులు పైకీ కిందకీ జరుపుకుంటూ, దానంతట అదే ఎవరెవరికో కాల్స్ కలుపుతోంది. అమ్మ ఫోన్‌కి లాక్ లేదు, పైగా రెండుసార్లు తడితే స్క్రీన్ వెలిగే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. మర్నాడు ఒక షాపులో చూపిస్తే అటూ ఇటూ తిప్పి "డిస్‌ప్లే పోయిందమ్మా, కాంబో మార్చాలి" అన్నారట. నేను ఆగమన్నాను. మార్చి ఉంటే డబ్బూ పోయేది, జబ్బూ పోయేది కాదు, ఎందుకంటే తప్పు డిస్‌ప్లేలో లేదు, ఛార్జర్‌లో ఉంది.

అందుకే ఇది రాస్తున్నాను. టచ్ సరిగ్గా లేదంటే అందరూ ముందు డిస్‌ప్లే మీదే పడతారు, కానీ అది చివరగా అనుమానించాల్సిన వస్తువు. ముందు చూడాల్సింది ఈ తేడా ఎప్పుడు వస్తోంది, స్క్రీన్ మీద ఎక్కడ వస్తోంది అని. ఈ రెండూ గమనిస్తే సగం పైగా తేలిపోతుంది.

టచ్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత చెప్పేవన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. అద్దం కింద కంటికి కనపడని సన్నటి గీతల వల ఉంటుంది, అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని. చాలా ఫోన్లలో దీన్ని ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక పదార్థంతో చేస్తారు. ఆ వలలో కొద్దిపాటి విద్యుత్ ఆవేశం ఉంటుంది. మన ఒంట్లో నీరూ ఉప్పూ ఉన్నాయి కాబట్టి వేలు కూడా విద్యుత్ వాహకమే, అది దగ్గరికి రాగానే ఆ గడి దగ్గర ఆవేశం కాస్త మారుతుంది. టచ్ ఐసీ అనే చిప్ ఆ మార్పుని సెకనుకు ఎన్నోసార్లు కొలిచి "వేలు ఇక్కడుంది" అని ఫోన్‌కి చెబుతుంది. అంటే ఇది నొక్కుడుతో నడిచేది కాదు, గట్టిగా పొడిచినంత మాత్రాన వినదు. అలాగే వేలు కాకపోయినా ఆ గడిలో విద్యుత్ తేడా తెచ్చేది ఏదైనా, నీటిబొట్టు గానీ, చెమట గానీ, ఛార్జర్ నుంచి వచ్చే నాయిస్ (కరెంటులో కలిసి వచ్చే అక్కర్లేని అలజడి) గానీ, దానికి వేలిలాగే కనిపించవచ్చు. ఘోస్ట్ టచ్ అంటే ఇదే, దయ్యమూ కాదు, ప్రతిసారీ హ్యాకింగూ కాదు.

ముందుగా తేల్చుకోవాల్సింది, పోయింది టచ్ ఒక్కటేనా, ఫోన్ మొత్తం హ్యాంగ్ అయిందా అని. వాల్యూమ్ బటన్ నొక్కండి. స్క్రీన్ మీద వాల్యూమ్ గీత కదిలితే, పవర్ బటన్‌తో స్క్రీన్ ఆరి వెలుగుతుంటే ఫోన్ బాగానే ఉంది, టచ్ మాత్రమే స్పందించడం లేదు. ఏ బటన్‌కీ ఉలుకూ పలుకూ లేకపోతే హ్యాంగ్ అయినట్టు, అప్పుడు బలవంతంగా రీస్టార్ట్ చేయాలి. శాంసంగ్ ఫోన్లలో పవర్, వాల్యూమ్ డౌన్ బటన్లు రెండూ కలిపి ఏడెనిమిది సెకన్లకు పైగా పట్టుకోండి. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువ భాగం పవర్ బటన్ ఒక్కటే పది నుంచి ముప్పై సెకన్ల దాకా పట్టుకుంటే రీస్టార్ట్ అవుతాయి, కొన్నింటికి వాల్యూమ్ అప్ కూడా కలపాలి. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో వాల్యూమ్ అప్ ఒకసారి నొక్కి వదిలి, వాల్యూమ్ డౌన్ ఒకసారి నొక్కి వదిలి, వెంటనే పక్క బటన్‌ని యాపిల్ బొమ్మ వచ్చేదాకా పట్టుకోవాలి. దీనివల్ల ఫోటోలు, నంబర్లు పోవు, భయం అక్కర్లేదు.

ఘోస్ట్ టచ్ అయితే మాత్రం మొదటి పని వేరు. ఛార్జర్ పీకేసి, పవర్ బటన్ నొక్కి స్క్రీన్ ఆర్పేయండి. అది ఏం నొక్కుతోందో చూస్తూ కూర్చోకండి. లాక్ స్క్రీన్ మీద దానికదే తప్పుడు పిన్‌లు కొట్టుకుంటూ పోతే ఫోన్ నిమిషాల నుంచి గంటల దాకా లాక్ అయిపోతుంది, ఐఫోన్‌లో ఎరేజ్ డేటా సెట్టింగ్ ఆన్ చేసుకున్నవాళ్లకి పదిసార్లు తప్పు కొడితే మొత్తం చెరిగిపోతుంది. డబ్బు గురించి చాలామంది టెన్షన్ పడతారు. యూపీఐకి పిన్ కావాలి కాబట్టి డబ్బు అంత సులువుగా పోదు, కానీ యూపీఐ లైట్‌లో వేసుకున్న మొత్తానికి ప్రతిసారీ పిన్ అడగదు, అందుకని ఆ డబ్బుని తిరిగి బ్యాంకు ఖాతాలోకి పంపేసుకోవడం మంచిది. రెండుసార్లు తడితే వెలిగే సెట్టింగ్ కూడా ఆపేయండి.

ఇక అసలు వెతుకులాట. అందరి ఇంట్లో జరిగేది కాబట్టి ఛార్జర్‌తో మొదలుపెడతాను.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే టచ్ పిచ్చిగా చేస్తూ, తీయగానే బాగుపడితే ఫోన్‌ని రిపేరుకి ఇవ్వకండి. మంచి ఛార్జర్ గోడ నుంచి వచ్చే 230 వోల్టులని తగ్గించి, శుభ్రమైన డీసీగా మార్చి ఇస్తుంది. చవక ఛార్జర్‌లో ఫిల్టర్ భాగాలు నాసిరకంవి వేస్తారు, కొన్నింటిలో అసలు వేయరు. అప్పుడు హైఫ్రీక్వెన్సీ నాయిస్ కేబుల్ గుండా ఫోన్‌లోకి వచ్చేస్తుంది. మీరు నేల మీద నిలబడి స్క్రీన్‌ని ముట్టుకోగానే ఆ నాయిస్‌కి మీ ఒంటి గుండా భూమిలోకి దారి దొరుకుతుంది, టచ్ ఐసీ ఆ గందరగోళంలో ఏది వేలో ఏది నాయిసో పోల్చుకోలేదు. మెటల్ బాడీ ఫోన్ ఛార్జింగ్‌లో ఉండగా వీపు మీద చెయ్యి రుద్దితే జివ్వుమంటుంది చూడండి, ఇది కూడా ఆ కోవలోదే. కాస్త జివ్వుమనడం రెండు పిన్నుల ఛార్జర్లలో మామూలే. షాక్ కొట్టినట్టు అనిపిస్తే మాత్రం ఆ ఛార్జర్‌ని ఆ క్షణమే పక్కన పడేయండి.

తేల్చుకోవడం సులువు. ఫోన్‌ని పవర్ బ్యాంక్‌కి పెట్టి చూడండి, దానికి గోడతో సంబంధం లేదు కాబట్టి ఆ నాయిస్ రాదు. పవర్ బ్యాంక్ మీద బాగుండి గోడ ప్లగ్ మీద చెడితే తప్పు ఛార్జర్‌ది, లేదా ఆ ప్లగ్‌ది. తర్వాత అదే ప్లగ్‌కి ఇంకొకరి మంచి ఛార్జర్ పెట్టండి, మీ ఛార్జర్‌ని వేరే గదిలో పెట్టండి, కేబుల్ మార్చి చూడండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి, రెండూ మారిస్తే ఏది దోషో తెలియదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే ఇలా అవుతుంటే ఇన్వర్టర్ని కూడా అనుమానించండి, పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల కరెంటు శుభ్రంగా ఉండదు. మా అమ్మ వాడుతున్నది బస్టాండు దగ్గర కొన్న ఛార్జర్, ఫోన్‌తో వచ్చినది ఎప్పుడో పోయింది. పవర్ బ్యాంక్ మీద రెండు రోజులు ఒక్క దొంగ కాల్ కూడా రాలేదు. కొత్త ఛార్జర్ కొన్నాం, అంతటితో సరి. కొనేటప్పుడు ఛార్జర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, కింద ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి, మన దేశంలో మొబైల్ ఛార్జర్లకి ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఛార్జర్ తర్వాత నా అనుమానం స్క్రీన్ గార్డ్ మీద. మందపాటి టెంపర్డ్ గ్లాస్ వేస్తే వేలికీ వలకీ మధ్య దూరం పెరుగుతుంది, స్పందన తగ్గుతుంది. గార్డ్ కింద అంచుల్లో గాలి బుడగలు, దుమ్ము, తడి చేరినా, గార్డ్ పగిలి ఆ పగుళ్లలో చెమట చేరినా అక్కడ తప్పుడు టచ్‌లు వస్తాయి. అంచులు వంగిన స్క్రీన్లకి ద్రవం జిగురు పోసి యూవీ లైట్‌తో గట్టిపరిచే గ్లాస్ వేస్తారు, ఆ జిగురు స్పీకర్ రంధ్రాల్లోకీ బటన్ల సందుల్లోకీ కారడం కూడా ఉంది, అది వేయించుకునేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. గార్డ్ మీద మనసు చంపుకోలేక దాన్ని ఉంచి మిగతావన్నీ ప్రయత్నించేవాళ్లు చాలామంది, అలా చేయకండి, తీసేసి ఒక రోజు వాడితే సమాధానం వచ్చేస్తుంది. గార్డ్ తప్పనిసరి అనుకుంటే శాంసంగ్‌లో డిస్‌ప్లే సెట్టింగుల్లో టచ్ సెన్సిటివిటీ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. పిక్సెల్ ఫోన్లలోనూ ఇలాంటిది ఉంది. గార్డ్ లేకుండా అది ఆన్‌లో పెడితే ఊరికే తగిలినా టచ్ పడొచ్చు, కాబట్టి గార్డ్ తీసినప్పుడు ఆఫ్ చేయండి.

తుడవడానికి స్క్రీన్ ఆర్పి, కళ్లజోడు తుడిచే గుడ్డో మెత్తటి పాత నూలు గుడ్డో కాస్త తడిపి తుడిస్తే చాలు. ఏ ద్రవమైనా గుడ్డ మీద వేయాలి గానీ ఫోన్ మీద చల్లకూడదు.

వేళ్ల సంగతి ఎవరూ చెప్పరు, నాకు ఇది ముఖ్యమనిపిస్తుంది. "నేను నొక్కితే రాదు, నువ్వు నొక్కితే వస్తుంది" అని పెద్దవాళ్లు అంటుంటారు, మనమేమో వాళ్లకి వాడటం రాదని విసుక్కుంటాం. పొలం పనుల్లో, బీడీలు చుట్టే పనిలో, తాపీ పనిలో వేళ్లు కాయలు కాచి, చర్మం మందమై ఎండిపోతే ఆ వేలికొసని టచ్ సరిగ్గా పట్టుకోలేదు, ఎందుకంటే ఎండిన మందపాటి చర్మంలో తేమ తక్కువ, కింద రక్తమాంసాలున్న భాగం స్క్రీన్‌కి దూరంగా ఉండిపోతుంది. తప్పు వాళ్లది కాదు. వేలికి కొంచెం వ్యాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాసి తుడుచుకున్నాక ప్రయత్నించమనండి, వేలికొసతో పొడవకుండా వేలి కండని ఆనించమనండి, ఇంకో వేలితో చూడమనండి, పైన చెప్పిన టచ్ సెన్సిటివిటీ ఆన్ చేసి ఇవ్వండి. గోటితో నొక్కే అలవాటున్నా పనిచేయదు, గోటిని టచ్ గుర్తించదు. చలికాలంలో అమెరికాలో ఉండే మనవాళ్లకి హీటర్ గాలికి చేతులు ఎండిపోయి ఇదే ఇబ్బంది వస్తుంది.

తడి, వేడి గురించి. వానలో తడిసిన ఫోన్, వంటింట్లో తడిచేత్తో తీసిన ఫోన్ పిచ్చిగా చేస్తే తుడిచి ఆరనివ్వండి. లోపలికి నీళ్లు పోయాయనుకుంటే ఛార్జింగ్ పెట్టకండి, పోర్టు కిందకి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టి, ఫ్యాను గాలి తగిలేచోట పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టకండి. ఇది మనలో బాగా పాతుకుపోయింది గానీ, బియ్యపు పొడి, నలకలు పోర్టులోకి పోతాయి, యాపిల్ కూడా తన సూచనల్లో బియ్యంలో పెట్టవద్దనే చెబుతుంది. వేడి విషయానికొస్తే, ఐఫోన్లని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని కంపెనీయే చెబుతోంది, మనకేమో మే నెలలో రెంటచింతలలో, రామగుండంలో 45 దాకా పోతుంది. బైకు హ్యాండిల్‌కి ఫోన్ బిగించి మ్యాప్ పెట్టుకుని, డేటా ఆన్‌లో, బ్రైట్‌నెస్ ఫుల్‌లో, ఎండలో డెలివరీలు తిరిగేవాళ్ల ఫోన్లు అందుకే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. నీడలోకి తెచ్చి, కవర్ తీసి, పది నిమిషాలు ఆపండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది.

ఇప్పటికీ తేలకపోతే స్క్రీన్ మీద ఎక్కడ అని చూడాలి. హోమ్ స్క్రీన్ మీద ఏదైనా యాప్ బొమ్మని వేలితో పట్టుకుని, వదలకుండా స్క్రీన్ అంతా, పొలం దున్నినట్టు వరసగా తిప్పండి. ఎక్కడ బొమ్మ చేతిలోంచి జారిపోతుందో అక్కడ టచ్ పట్టడం లేదు. ఇంకా బాగా కావాలంటే ఆండ్రాయిడ్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి (షావోమీ ఫోన్లలో ఎంఐయూఐ లేదా ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి), అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేయండి. ఇక ఎక్కడ టచ్ పడినా గీతలు కనిపిస్తాయి. ఫోన్‌ని బల్ల మీద పెట్టి, చేయి తగలకుండానే గీతలు వాటంతటవే పడుతున్నాయేమో చూడండి. శాంసంగ్‌లో డయలర్‌లో *#0*# కొడితే టెస్ట్ మెనూ వస్తుంది, అందులో టచ్ పరీక్ష ఉంది. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో *#*#6484#*#* కొట్టండి.

గీతలు స్క్రీన్ అంతా చెల్లాచెదురుగా, ఛార్జింగ్‌లోనే వస్తుంటే పైన చెప్పిన ఛార్జర్ కథే. ఎప్పుడూ ఒకే చోట, ఒకే నిలువు గీత మీదో ఒకే అడ్డ పట్టీలోనో టచ్ పోతుంటే లోపలి వలలో గానీ దాన్ని ఫోన్ బోర్డుకి కలిపే సన్నటి స్ట్రిప్‌లో గానీ దెబ్బ తగిలింది, ఏ యాప్ తీసేసినా అది బాగుపడదు. పరీక్షలో అంతా బాగుండి, ఒక్క యాప్‌లోనే లేదా కొత్త అప్‌డేట్ తర్వాతే ఇబ్బంది అయితే సాఫ్ట్‌వేర్.

సాఫ్ట్‌వేర్ అనిపిస్తే సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి. పవర్ మెనూలో పవర్ ఆఫ్ మీద కాసేపు నొక్కి ఉంచితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది, మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవకుండా ఫోన్ తెరుచుకుంటుంది. అక్కడ బాగుంటే ఈమధ్య వేసినవాటిని ఒక్కొక్కటే తీసేయండి, ముఖ్యంగా స్క్రీన్ మీద తేలుతూ ఉండేవి, కళ్లకి పసుపు రంగు వేసేవి, ఫోన్ వేగం పెంచుతామని చెప్పేవి. ఫ్యాక్టరీ రీసెట్ ఆఖరి మాట. చేసేముందు మీ గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి, లేకపోతే రీసెట్ అయ్యాక ఫోన్ మిమ్మల్నే లోపలికి రానివ్వదు.

దానికంటే ముందు ఫోటోలు కాపాడుకోండి. నిజానికి టచ్ మొదటిసారి తేడా చేసిన రోజే ఈ పని చేయాలి. టచ్ పూర్తిగా పోయినా ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఒక చిన్న ఓటీజీ (ఫోన్ పోర్టుకి యూఎస్‌బీ వస్తువులు తగిలించుకునే ముక్క) పెట్టి, మామూలు కంప్యూటర్ మౌస్ తగిలిస్తే స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది, దాంతో లాక్ తీయొచ్చు, బ్యాకప్ పెట్టొచ్చు, వాట్సాప్ చాట్‌లని గూగుల్ ఖాతాకి ఎక్కించొచ్చు. ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలో చాలావాటికి ఓటీజీ కనెక్షన్ అనే సెట్టింగ్ ముందుగా ఆన్ చేయాలి, టచ్ కాస్తయినా పనిచేస్తున్నప్పుడే ఆ పని చేయండి. ఐఫోన్‌లో సిరిని అడిగి మాటలతోనే ఫోన్ నడిపే వాయిస్ కంట్రోల్ ఆన్ చేయించుకోవచ్చు.

ఒక సంకేతాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్క్రీన్ ఒక అంచున పైకి లేచి సందు కనిపించినా, వెనక మూత ఉబ్బినా, బల్ల మీద పెడితే ఫోన్ ఊగినా లోపల బ్యాటరీ ఉబ్బి డిస్‌ప్లేని కింది నుంచి నెడుతోందన్నమాట, టచ్ దానివల్లే తేడా చేస్తుంది. స్విచాఫ్ చేయండి, ఛార్జింగ్ పెట్టకండి, వేలితో లోపలికి అదమకండి, పిల్లల చేతికి ఇవ్వకండి, నేరుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

కింద పడ్డాక మొదలైన ఇబ్బంది అయితే స్ట్రిప్ కనెక్టర్ వదులై ఉండొచ్చు. విప్పి మళ్లీ సరిగ్గా నొక్కి బిగిస్తే బాగుపడిన ఫోన్లు ఉన్నాయి, కాబట్టి మెకానిక్‌ని ముందు అది చూడమని అడగండి. డిస్‌ప్లే కొనడం తర్వాత. పాత ఫోన్లలో టచ్ గ్లాస్ విడిగా మార్చేవాళ్లు, ఇప్పుడు ఎక్కువ ఫోన్లలో టచ్, డిస్‌ప్లే కలిసిపోయి ఉంటాయి, అందుకే కాంబో అంటారు, అందుకే ఖర్చు. హైదరాబాద్‌లో అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్తే ఒకే ఫోన్‌కి మూడు నాలుగు రకాల కాంబోలు చూపిస్తారు. అమోలెడ్, ఎల్‌సీడీ అనేవి డిస్‌ప్లేల్లో రకాలు, మీ ఫోన్‌ది అమోలెడ్ అయితే అమోలెడ్‌దే వేస్తున్నారా, ఎల్‌సీడీది వేస్తున్నారా అని మొహమాటం లేకుండా అడగండి, స్క్రీన్ లోపలి వేలిముద్ర సెన్సర్ ఎల్‌సీడీ కాపీతో పనిచేయదు. వారంటీ ఉంటే బయట విప్పించకండి. కొన్నిసార్లు తప్పు తయారీలోనే ఉంటుంది, ఐఫోన్ 10కి 2018లో, 2019 నవంబర్ నుంచి 2020 మే మధ్య తయారైన కొన్ని ఐఫోన్ 11లకి ఇలాంటి టచ్ ఇబ్బందుల వల్లే యాపిల్ ఉచితంగా డిస్‌ప్లే మార్చే కార్యక్రమం పెట్టింది. మీ మోడల్‌కి అలాంటిదేమైనా ఉందేమో సర్వీస్ సెంటర్‌లో అడగండి. వారంటీలో ఉన్నా బాగుచేయడానికి ఒప్పుకోకపోతే, బిల్లూ, సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీటూ దగ్గర పెట్టుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

బయట షాపులో మార్పిస్తుంటే గమ్ వేసి అంటించకముందే ఫోన్ చేతికి తీసుకోండి. యాప్ బొమ్మని పట్టుకుని నాలుగు మూలలా తిప్పండి, కీబోర్డు మీద అన్ని అక్షరాలూ కొట్టండి, వేలిముద్ర పెట్టండి, కాల్ చేసి చెవి దగ్గర స్క్రీన్ ఆరుతోందో లేదో చూడండి, మీ ఛార్జర్ పెట్టి ఛార్జింగ్‌లో కూడా ఇవన్నీ ఇంకోసారి చేయండి. పాత డిస్‌ప్లే అడిగి తెచ్చుకోండి, బిల్లు మీద ఏ రకం కాంబో వేశారో, ఎన్ని రోజుల గ్యారంటీనో రాయించుకోండి.